కొత్త సరంగు

ఇరవై ఏడేళ్లు కావలి డిపోలో
నా చేతికింద తిరిగింది చక్రం.
కుడికి తిప్పితే కుడికి పోయేది.
ఇప్పుడు చేతిలో ఒక కర్ర,
కుడికి నెడితే పడవ ఎడమకి పోతుంది.
"అలగబాక నాయనా, దాని భాష అంతే"
అంది చెంగమ్మ, వక్క నములుతా.

మద్రాసు క్లబ్బువాళ్లు వదిలించుకున్న పడవ.
ఇరవై రెండడుగులు, ఫైబరు ఒళ్లు,
పక్కన రాసిన పేరు సగం గీకేసుంది.
పీఎఫ్ డబ్బులో మూడోవంతు దానికి పోస్తే
మా ఆవిడ ఒక్క మాట అనలేదు.
ఈతొచ్చా అని మాత్రం అడిగింది.
వచ్చన్నాను.
మర్నాటి నుంచి రెణ్ణెల్లు, తెల్లారకముందే,
ఎవరో వదిలేసిన రొయ్యల గుంటలో
ఆ అబద్ధాన్ని నిజం చేసుకుంటూ వచ్చాను.

చెంగమ్మకి అరవై ఏడు.
వాళ్ల నాయనది బకింగాం కాలవలో ఉప్పుపడవ.
గాలి పడిపోయిన రోజు
గట్టెంట మోకు భుజానేసుకుని లాగింది ఈమే.
ఇంజన్లు వచ్చాక జువ్వలదిన్నెలో
గాలిని పేరుపెట్టి పిలిచేవాళ్లు తగ్గిపోయారు.
ఈమె పిలుస్తుంది.
వెలిగొండల వైపు నుంచి దిగేది కొండగాలి,
ఉత్తరం నుంచి వచ్చేది వాడ.
వీపు తిప్పి నిలబడి, చెవి వెనక తగిలేదాన్ని బట్టి
వేళ కూడా చెప్పేస్తుంది.
నాకు తెలిసిన గాలల్లా
కిటికీ అద్దం పగిలిన సీట్లో వచ్చేదే.

"ఎదురుగాలికి మొహం పెట్టి పోబాక,
పక్కనించి అడుగు, ఇస్తాది."
ఇది నాకు తొందరగా ఎక్కింది.
సీతారాంపురం ఘాటు ఎక్కినోణ్ణి,
మలుపు తర్వాత మలుపు,
కొండని తిట్టకుండా.
ఎక్కనిది బ్రేకు సంగతి.
నీళ్లమీద బ్రేకు లేదని తెలిసీ
పాదం నెల్లాళ్లు చెక్కని తొక్కింది.

మాఘం ఆఖర్లో ఒకరోజు
చెంగమ్మ పడవెక్కి, పలకమీద పడుకుని,
కొంగు మొహమ్మీద కప్పేసుకుంది.
"నేను లేననుకో. సరంగువి నువ్వే."
ముందు భాగంలో ఖాదర్‌వలీ,
పంతొమ్మిదేళ్లు నా బండి కండక్టరు,
సరదాగా వస్తానన్నవాడు.

మొగ దాటాం. తెర నిండింది.
దక్షిణగాలి వెనక నుంచి, ఉత్తరానికి పరుగు.
రామాయపట్నం లైట్‌హౌస్ ముట్టుకుని రావాలని లెక్క.
గాలితోపాటు పోయేవాడికి
గాలి ఉన్నట్టే తెలియదు.
చొక్కా కూడా కదల్లేదు.
నేను ఎంత బాగా నడుపుతున్నానో అనుకున్నాను.

లైట్‌హౌస్ అగ్గిపుల్లంత కనబడింది.
అప్పుడు ఎందుకో వెనక్కి చూశాను.
సముద్రమంతా తెల్లటి తలలు
మేం వచ్చిన దారిలోనే నిలబడి.

ఖాదర్‌వలీ అప్పటికే అంచు పట్టుకుని
పొద్దున తిన్న దోసెల్ని వాపసిస్తున్నాడు.
పంతొమ్మిదేళ్లలో మొదటిసారి
నా వెనక గంట కొట్టేవాడు లేడు.
రైట్ అనడు, హోల్డాన్ అనడు.
కొంగు కదల్లేదు.
ఇంకో పావుగంట పోతే చేరేవాళ్లం.
ఆ పావుగంట నోట్లో చాలాసేపు నానింది.

"తెర ఒక మడత దించు, ఖాదరూ."
గొంతు నాదే, డిపోలో అరిచేది కాదు.
కర్ర నెట్టాను. పడవ తిరిగింది.
అంతవరకు లేని గాలి
చెంప మీద చాచి కొట్టింది.

ఎన్ని మలుపులో లెక్కపెట్టలేదు.
ఒడ్డుకేసి కొంత, లోపలికి కొంత,
ప్రతి మలుపుకీ అడ్డకొయ్య నెత్తిమీదుగా దూసుకుపోయేది,
తల వంచనోడికి పాఠం చెపుతూ.
ఖాదర్ రెండుసార్లు నేర్చుకున్నాడు.

మొగలోకి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు.
చెంగమ్మ కొంగు తీసింది.
"అరగంట ముందే తిప్పుండాల్సింది."
నిద్రపోలేదా అన్నాను.
"కొత్త సరంగు పడవలో ఎవురన్నా నిద్రపోతారా?"
మోకు అందుకుని తనే కట్టింది,
నా ముడి విప్పేసి.

రాత్రి మా ఆవిడ అడిగింది, ఎందాకా పోయారని.
లైట్‌హౌస్ కనపడింది, పోలేదు అన్నాను.
ఇంకో గరిటె అన్నం వేసింది.
కంచం పక్కన నా ఎడంచెయ్యి
అక్కడ లేని కర్రని
నెడుతూనే ఉంది.