అచ్చుల్లేని మనిషి

బంతాయన్ దీవిలో, ఎండుచేపల తడికెల మధ్య
నార్సీసా ఫోను ఎప్పుడూ ఉప్పు పట్టి ఉంటుంది.
అయిదో అంకె మీట అరిగి తెల్లబడిపోయింది,
దాని మీది అక్షరాల్ని వేలితో తడిమి పట్టాల్సిందే.

సందేశానికి ఒక పెసో.
నూట అరవై గళ్లు, అంతే. గడి దాటితే రెండో పెసో.
పెసోకి ఒక రొట్టె వస్తుంది.
అందుకని క్రిస్పులో ముందు అచ్చుల్ని సముద్రంలో పారేశాడు,
తర్వాత మాటల మధ్య ఖాళీల్ని,
ఆ తర్వాత చుక్కల్ని, ప్రశ్నార్థకాల్ని.
'నేను' అనే మాటలో ఒక్క హల్లు మిగుల్చుకున్నాడు,
నిలబడ్డానికి ఆ మాత్రం చోటు చాలు అనుకున్నాడేమో.

వాళ్ల మాటని మన లిపిలోకి దించితే
గుడి కూలి, దీర్ఘం తెగి
తలకట్టు ఒక్కటీ మిగిలి
ఇలా ఉంటుంది:
తన్నవ.
తిన్నావా అని.

పడవ దీపస్తంభం మలుపు తిరిగేటప్పుడు
మూడు నిమిషాలో నాలుగో సిగ్నలు.
అతను పంపేది ముల్లు.
చేపని ఆమె చేసుకుంటుంది,
ఒడ్డున నిలబడి, పెదాలు కదుపుతూ,
ఒక్కో హల్లుకీ తన నోట్లోంచి అచ్చు తీసి ఇస్తూ.

సిమ్ములో ఇరవై సందేశాలే పడతాయి.
ఇరవై ఒకటోది బయట గాలిలో నిలబడి ఉంటుంది.
లోపల ఒకదాన్ని చంపితే గాని రాదు.
"అమ్మా, అన్నీ ఒకటే కదా," అంటుంది కూతురు జెర్లిన్,
"పదకొండు తన్నవలు. పది తీసెయ్."
"ఒకటెలా అవుతాయే?
ఇది పిడుగులు పడ్డ రాత్రిది.
ఇది నేను పన్ను పీకించుకున్న రోజుది,
ఆ రోజు ఆ మాట చూసి ఎంత తిట్టుకున్నానో."

బడిలో టీచరు ఒబ్దూలియా
జెర్లిన్ వ్యాసం నిండా ఎర్రసిరాతో అచ్చులు నాటింది, నారు వేసినట్టు.
భాష చచ్చిపోతోందట.
కింద తల్లి సంతకం కావాలంది.
నార్సీసా తన పేరు మొత్తం రాసింది, ఒక్క అక్షరం మింగకుండా,
పెన్నుకి పెసో అక్కర్లేదు కదా.

అక్టోబరులో ఒక సాయంత్రం ఫోను మోగింది.
ప్రియమైన నార్సీసా,
నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను.
నువ్వు భోజనం చేశావని తలుస్తాను.

అచ్చులన్నీ ఉన్నాయి.
ఎక్కడి గుడి అక్కడ, ఎక్కడి దీర్ఘం అక్కడ.
పేరు తర్వాత కామా కూడా.
ఆమె చేతిలో చేప జారి ఇసకలో పడింది.

పదిహేడేళ్ల కాపురంలో
ఆమెను కామా పెట్టి పిలిచింది లేదు ఆ మనిషి.
ఎవరు నువ్వు, అని కొట్టింది.
పెసో పోయింది.
పడవ మలుపు దాటిపోయింది.

నాలుగు రోజులు తడికెల మీద చేపల్ని తిరగెయ్యలేదు.
ఒక పక్కే ఎండాయి.

అయిదో రోజు ఐసు పడవ వాళ్లు చెప్పారు:
వల లాగే చక్రంలో అతని కుడి బొటనవేలు పోయింది.
వంటకుర్రాడు ఉన్నాడు, సెమినరీలో రెండేళ్లు చదివి మానేసినవాడు,
"మా ఆవిడ భయపడుతుంది, కాస్త మంచిగా రాసి పెట్టు"
అని అడిగితే
పాపం, తనకి చేతనైనంత మంచిగా రాశాడు.

నవంబరు గాలి తిరిగాక,
మలుపు దగ్గర, ఎడమ బొటనవేలితో:
తనవ.

ఒత్తు కూడా పోయింది.
ఎడం చేతికి ఇంకా బద్ధకం.

దానికి చోటు కోసం
ఆ ప్రియమైన నార్సీసాని ఎప్పుడో చెరిపేసింది,
ముహూర్తం చూడకుండా.
ఒడ్డున నిలబడి రెండుసార్లు చదివింది, పెదాలు కదుపుతూ.
తన్న, అని కొట్టింది.

ఇంకా తినలేదు.