డికాషన్ రంగు సీసా

గామా గదిలో నలభై రోజులుండి
రెజిన్ పూసలు నల్గొండల బస్సు దిగినయి.
పోయినప్పుడు నీళ్లలాంటి సీసా,
వచ్చినప్పుడు డికాషన్ రంగు.

భయమేం లేదు,
దీపం ముందు పెట్టిన చెంబు దీపమైతదా
అని నేను చెప్పేలోపే
పూసలు గిన్నెలకు వంచి, జానిమియా
సీసాను నల్లా కింద తోమబట్టిండు.
సబ్బు, ఇసుక, ఆఖరికి బూడిద.

"పోతలేదు మేడం."
"పోదు. మరక పైన లేదు, గాజు లోపలుంది."
నురుగు చేతులతో నవ్విండు,
మర్రిగూడ బోరునీళ్లు తాగి మొలిచిన పండ్లు.
"గట్లనా. అయితే ఇది మా ఊరిదే."

పూసల లెక్కకు కూచున్న.
ఉప్పునీళ్లల్ల వేల సోడియంల నడుమ
ఒక్క సీజియంను పట్టుకోవాలె,
జాన్‌పహాడ్ ఉర్సుల మన పిలగాని అంగీ
దూరంకెళ్లి గుర్తువట్టినట్టు.
రేపు అసలు ట్యాంకుల కాడ
పట్టుకున్నదే వీటిని కాలుస్తది,
విడిచిపెట్టుడు వీటి పని కాదు.
నూటికి డెబ్బై మూడు.
రెండోసారి తూచిన. డెబ్బై మూడే.
పట్టు ఉంది గానీ
వేళ్ల నడుమ సందు పెరిగింది.

రాత్రి ఖాళీ సీసాను ఫర్నేసుల పెట్టిన,
మూడొందల డిగ్రీలు.
పొద్దున తీస్తే తెల్లగ, ఏమెరగనట్టు.
జానిమియా దాన్ని కిటికీ వెలుగుకెత్తి
శానసేపు చూసిండు.
నాలుకతోని ముందుపన్ను ఒకసారి తడుముకుని
ఏమీ అడగలేదు.

పూసలకు ఆ మంట పనికిరాదు, మాడిపోతయి.
డబ్బా మీద తేదీ రాసి
మూత బిగించిన.