తలకిందుల అంకెలు

తొంభై నిమిషాలే అన్నారు.
బ్రాన్సన్‌లో, కొండమీది రిసార్ట్‌లో
గది తాళంతో పాటు చేతిలో పెట్టిన గులాబిరంగు కాగితంలో
తొంభై కింద రెండు గీతలు కూడా గీసి ఉన్నాయి.
వచ్చి కూర్చుంటే చాలు, టిఫిను, వంద డాలర్ల కార్డు,
సరస్సులో పడవ షికారుకి ముగ్గురికీ టిక్కెట్లు.
"ఊరికే కూర్చోడానికి మన సొమ్మేం పోయింది?" అన్నాడు ఉమాకాంత్.

నైమిషని బొమ్మల గదిలో వదిలి
మణికట్టుకి కాగితం పట్టీలతో లోపలికెళ్ళాం.
నలభై గుండ్రటి బల్లలు, బల్లకో జంట,
జంటకో నవ్వు.
మా నవ్వు పేరు వెండెల్.
చొక్కా బిళ్ళ మీద పేరు కింద ఊరు: జాప్లిన్.
బూడిదరంగు మీసం, మడత నలగని చొక్కా,
కుడి బూటు మడమ మాత్రం ఒక పక్కకి అరిగిపోయింది.

"చిన్నప్పుడు సెలవులకి ఎక్కడికెళ్ళేవారు?" అని మొదలెట్టాడు.
ఉమాకాంత్ కాఫీలోకి చూశాడు.
"ఒకసారి చీరాల," అన్నాను. "సముద్రం."
"బీచ్!" అని రాసుకున్నాడు.
ఆ రోజు మా నాన్న చీరాల వెళ్ళింది
ప్రీమియం కట్టడం మానేసిన ఓ నేత మాస్టారుని వెతుక్కుంటూనని,
ఆయన దొరికేదాకా నన్ను ఇసుకలో కూర్చోబెట్టాడని
రాసుకోడానికి ఆ ఫారంలో గడి లేదు.

ఇరవై ఏళ్ళ హోటలు గదుల అద్దె కూడుతున్నాడు వెండెల్,
అంకెలు తలకిందులుగా రాస్తూ,
ఇటు కూర్చున్న మాకు తిన్నగా కనబడేలా.

నా చేతిలో మఫిన్ ఆగిపోయింది.

నాన్నకీ వచ్చు ఆ విద్య.
రాత్రి అన్నాలయ్యాక నా పలక తీసుకుని
ఎదురుగా నన్ను కూర్చోబెట్టి
బోనసూ, బోనసు మీద బోనసూ రాసి
"చదువమ్మా, తిన్నగా ఉందా?" అనేవాడు.
నేనే ఆయన మొదటి పార్టీని.
ఎన్ని పాలసీలు తీసుకున్నానో ఆ పలక మీద!

ఎక్కడో గంట మోగింది. చప్పట్లు.
విచిటా దంపతులు ఎవరో ఇంటివాళ్ళయ్యారట,
ఏడాదికో వారం.

మేనేజరొచ్చి అంకె కొట్టేసి పక్కన చిన్న అంకె వేశాడు.
ఈ పూటకే, ఈ బల్లకే.
వద్దన్నాం.
వెళ్ళి, ఇంకా చిన్న అంకెతో వచ్చాడు.
వద్దన్నాం, ఈసారి కొంచెం నవ్వుతూ.
ఉమాకాంత్ తెలుగులోకి దిగాడు:
"పాపం, పెద్దాయన."
"ఆ పాపం ఖరీదు ఇరవై రెండు వేలు."
"పోనీ, ఆలోచించి చెప్తామందాం."
మా భాష వినగానే వెండెల్ కలం కింద పెట్టి
చేతులు కట్టుకుని కిటికీవైపు తిరిగాడు.
బేరం తెగే ముందు అలా తప్పుకోవాలని
అతనికీ ఎవరో నేర్పి ఉంటారు.

ఆలోచించి చెప్తామన్న వాళ్ళ గుమ్మాలకే
మా నాన్న ఆరేసిసార్లు తిరిగింది.
మొహం మీద వద్దన్నవాళ్ళని ఒక్క పూట తిట్టుకుని
మర్నాటికి మర్చిపోయేవాడు.
మజ్జిగిచ్చి, మర్యాద చేసి, వచ్చేనెల రమ్మన్నవాళ్ళే
ఆయన చెప్పులు అరగదీశారు.

"వెండెల్," అన్నాను, "మేం కొనం.
ఇవాళ కాదు, రేపూ కాదు. మాకు ఫోన్ చెయ్యకండి."
ఉమాకాంత్ బల్లకింద నా కాలు తొక్కాడు.
వెండెల్ నవ్వు తీసి, కళ్ళజోడులా, పక్కన పెట్టాడు.
కింద ఉన్న మొహం అలసిపోయి ఉంది, మామూలుగా ఉంది.
"థాంక్యూ, మేడమ్," అన్నాడు, గడియారం చూసుకుని.
"పదకొండున్నర బల్లకి అందుకుంటాను."

కార్డు ఆరువారాల తర్వాత పోస్టులో వస్తుందట.
గాలి ఎక్కువగా ఉందని పడవలు ఆపేశారు.

గదిలో మంచంమీద బోర్లా పడుకుని
గులాబి కాగితం వెనక నైమిషకి చూపిద్దామని
తలకిందులుగా రాయబోయాను.
సున్నా, ఒకటి, ఎనిమిది ఎటునుంచైనా ఒకటే.
నాలుగు దగ్గర చెయ్యి తిరగలేదు.
"ఇదేంటమ్మా?" అంది అది, కాగితాన్ని తన వైపు తిప్పుకుంటూ.