అర పౌండు కార్ట్రిడ్జ్

గ్రిమ్స్‌బీ రేవు వెనక పాత సామాన్ల కొట్లో
ఊలు ఉండల డబ్బా అడుగున దొరికింది.
లేబుల్ లేదు.
"ఆడుతుందో లేదో మరి" అంటూనే
అర పౌండు లాగేసుకుంది డోరీన్.

బస్సులో ఉఫ్ఫని ఊది, చేతి గేమ్‌లో దోపాను.
బూడిదరంగు తెర మీద వడ్లగింజంత మనిషి.
ఎగరలేడు. తన నీడనే మడిచి
మెట్టు చేసుకుని ఎక్కాలి.
మడిచినకొద్దీ నీడ కురచవుతుంది.
దీని గురించి
ఎవరూ ఒక్క ముక్కయినా చెప్పలేదేం!
దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

లోపల ఎవరో ఆడి ఆపేసిన ఆట:
నైజెల్, ముప్పై ఏడో గది.
చెరపబుద్ధి కాలేదు. కింది వరసలో నా పేరు కొట్టాను.

మూడు రాత్రుళ్ళు అతనూ నేనూ
అదే గోడ ముందు కూలబడ్డాం.
ఇవాళ పళ్ళు తోముకుంటుంటే తట్టింది.

ఎక్కడున్నావయ్యా నైజెలూ,
దీపం ఆర్పెయ్.
గదంతా నీడే.