ఇక్కడ కాలవ ఉంది

రండి, ఇటు నీడలోకి రండి.
రిజిస్టర్లో పేరు రాశారా? సరే.
శనివారం శనివారం ఈ పచ్చ గొడుగు పట్టుకుని
తల్లిదండ్రుల్ని తిప్పి చూపించడం నా పని.

సర్జాపుర దాటాక
రాగి చేలకీ అపార్టుమెంట్లకీ నడుమ
ఇరవై రెండెకరాలు.
ఆరువందల పన్నెండు మంది పిల్లలు,
నలభై ఒక్కరు పాఠం చెప్పేవాళ్ళు.
ఇదంతా మీ చేతిలో కాగితంలో ఉంది.
అందులో లేనిది,
పదకొండువందల అడుగుల బోరు వేసినా
మార్చి నుంచి ట్యాంకరే దిక్కని.

ఇది గ్రంథాలయం.
చెప్పులు విప్పక్కర్లేదమ్మా,
విప్పేశారా, పర్లేదు.
ఆ కిటికీ పక్కనమ్మాయిది భౌతికశాస్త్రం,
చేతిలో ఉన్నది మాత్రం పాళీ వ్యాకరణం.
ఎందుకని నేనూ అడిగాను.
"తెలీదక్కా" అంది, సిగ్గుపడకుండా, సంతోషంగా.
మా ఇంట్లో ఆ మాటంటే వీపు విమానం మోత మోగేది.
ఇక్కడ దానికి సెమిస్టరుకింతని కడతారు.

అవును సార్, ఎక్కువే.
మీరు వేళ్ళు మడుస్తూ లెక్కేయడం చూస్తూనే ఉన్నాను.
పదిమందిలో ముగ్గురికి సగం మాఫీ, ఒకరికి మొత్తం.
ఆ ఒక్కరెవరో భోజనాల దగ్గర ఎవరూ పోల్చుకోలేరు
అని చెప్పమన్నారు నన్ను.
పోల్చుకోవచ్చు.
బుధవారం రాగిముద్ద పెట్టినప్పుడు
నమలకుండా మింగేది వాడొక్కడే.

ఉద్యోగమా? వస్తుంది సార్,
కొందరికి కొంచెం నిదానంగా.
నిరుడు ఒకబ్బాయి బ్యాంకులో చేరాడు.
ఒకమ్మాయి గబ్బిలాల వెంట తిరుగుతోంది,
దానికీ జీతమిస్తారట.

ఇది ఏడుగురి తరగతి.
ఏడుగురే, ఎవరూ వెనక బెంచీలో దాక్కోలేరు.
నేను దూరవిద్యలో బీకాం కట్టినదాన్ని,
మాష్టారి ముఖం చూడకుండానే పాసయ్యాను.
గురువారాలు ఫైలు పట్టుకుని
ఈ తలుపు దగ్గర ఊరికే నిలబడతాను.

నీలోఫర్ మేడం ఇక్కడే నీటి చరిత్ర చెబుతారు.
పోయిన వానాకాలం పిల్లలు పాత పటాలు పరిచి
ఒక కాలవ ఎటు పోయిందో తేలక తలలు పట్టుకుంటే
కిటికీ అవతల కంచె కత్తిరిస్తున్న
తోటమాలి మునివెంకటప్ప,
"అట్ల కాదు పాపా, పటం తిరగేసి పట్టుకున్నారు" అన్నాడు.

లోపలికి పిలిచారు.
చేతులు తుడుచుకుని వచ్చాడు.
సుద్దముక్కతో గీత గీశాడు.
చెరువు కోడి ఎక్కడ, తూము ఎక్కడ,
ఏ రైతు రాత్రిపూట గండి కొట్టాడు,
ఎవరి ఎద్దు పడి చచ్చింది.
సగం తెలుగు, సగం కన్నడం, గంటంబావు.
మేడం కింద కూర్చుని రాసుకున్నారు.

మర్నాడు వోచరు నా బల్ల మీదికొచ్చింది.
అతిథి ఉపన్యాసకులు.
పేరు, ఊరు, విద్యార్హత.
"ఏం రాయమంటావు తాతా?"
"పూడిక తీసినానని రాయమ్మా.
మా నాయనా తీసినాడు."
కంప్యూటరు ఒప్పుకోలేదు.
దానికి తెలిసినవి నాలుగు డిగ్రీలు,
అయిదోది 'ఇతరములు'.
చాలాసేపు చూసి అదే నొక్కాను.

రెండువేల అయిదువందలు,
నెల జీతంలో ఆరో వంతు.
పాస్‌బుక్కు అటూ ఇటూ తిప్పి చూసుకుని
"తప్పు పడిందేమో, అడుగు" అన్నాడు.
తప్పు కాదని చెప్పడానికి
నాకు రెండు టీలు పట్టాయి.

పదండి, ఆఫీసు అటువైపు,
దరఖాస్తులు రెండో గదిలో.
పార్కింగు మీదుగా పోదాం, దగ్గర.
ఆ తెల్లకారు దగ్గర మెల్లగా రండి సార్,
ఇక్కడ కాలవ ఉంది.

కిందికేం చూస్తారు?
ఎండిన టైల్సే.
అదిగో మీ అమ్మాయి,
అడగనైనా అడక్కుండా
కాలు బారచాపి దాటేసింది.