దీపాలు పెట్టాక తోడు

కొత్తపేటలో మందుల షాపుల వెనక సందు,
మెట్లెక్కితే ఎడమచేతి గది నాది.
పదకొండేళ్లుగా గుంటూరు కడుపు
మూత బిగించిన చిన్న డబ్బీల్లో
నా బల్ల మీదికి వస్తోంది.
పేరు, వయసు, తేదీ.
ఇచ్చేవాళ్లు నా మొహం చూడరు.
నేను మాత్రం అందరి లోపలా చూస్తాను.

గాజుపలక మీద బొట్టంత మనిషి.
కన్ను ఆనిస్తే
తిరనాళ్ల జనం:
కడ్డీలు, గుండ్లు, తెగిన పూసల దండలు,
తోసుకునేవి, తూగేవి.
చీముకణాలెన్ని, రక్తకణాలెన్ని, పురుగు గుడ్లున్నాయా,
రాసి, సంతకం పెట్టి,
మూడుసార్లు చేతులు కడుక్కుని
క్యారేజీ విప్పేదాన్ని.
నాలోనూ అదే తిరనాళ్లు సాగుతోందని
ఒక్కనాడూ తోచలేదు.

మొన్న చలికాలం పంటి నొప్పి.
బిళ్లలు ఐదు రోజులన్నారు.
తగ్గలేదని ఇంకో రకం, ఇంకో వారం.
పన్ను ఊరుకుంది.
కడుపు వీధిన పడింది.

రోజుకు తొమ్మిదిసార్లు.
చుట్టుగుంట దాటి యార్డు గేటు దగ్గర
ఆటో ఆపమని బతిమాలాను ఒకసారి.
టిక్కీలు దించే చోట, ఘాటుకి
అందరి కళ్లలోనూ నీళ్లే కాబట్టి
నా ఏడుపు ఎవరికీ తెలియలేదు.

మర్నాడు డబ్బీ మీద నేనే రాసుకున్నాను:
సలోమి, ముప్పై ఎనిమిది, స్త్రీ.
అద్దం కింద తిరనాళ్లు లేదు.
పందిళ్లు పీకేసిన మైదానం.
అక్కడక్కడ ఎర్రకణాలు,
ఎవరో పారేసుకున్న బొత్తాల్లా.

గొట్టంతో లోపలికి చూసిన డాక్టరు
తెర నావైపు తిప్పాడు.
పేగు గోడ
కల్లంలో ఆరబోసిన కాయల రంగు.
"కారమేనా సార్?"
మా ఊళ్లో ఏ నేరమైనా ముందు దాని మీదికే పోతుంది.
"కారం ఒక్కదాని మీదే కేసు పెట్టకండి" అన్నాడు.
"అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించారు.
మిగిలినవాళ్లకి తిండి లేదు.
పీచు పడేస్తే వాళ్లు పులియబెట్టి
గోడకే కూడు వండిపెడతారు.
పడేయకపోతే
గోడకున్న జిగురుపూత గీక్కు తింటారు."

ఏడాదిగా నేను పడేసిందేమిటో
బస్సులో లెక్క వేశాను.
టీ, బిస్కెట్టు, టీ, బన్ను,
రాత్రి తెల్లగా తోమిన బియ్యం, ఆవకాయ, దాని మీద తేలిన నూనె.
ఆకు అనేది గోంగూర జాడీలో తప్ప కంచంలో లేదు.
పాపం, గీక్కోక ఏం చేస్తారు.

మందులు రాశాడు. మందులే తగ్గించాయి,
అబద్ధమాడను.
కానీ ఆ రాత్రి పాలు కాచాక చూస్తే
గిన్నెలో తోడు లేదు.
ఏడున్నరకి పక్కింటి మస్తాన్‌బీ తలుపు కొట్టి
"తోడు ఉందా అక్కా" అంటుంటే
ఏం అడుగుతున్నానో నాకే గొంతు పట్టేసింది.
దీపాలు పెట్టాక ఇవ్వకూడదంటారు కదా అని నేనే నసిగాను.
"అవేమన్నా దీపాలు చూసి పడుకుంటాయా" అని
ఉగ్గుగిన్నెలో వేసిచ్చింది.

అది వాళ్లమ్మ తోడట.
పెళ్లయి వస్తూ పొన్నూరు నుంచి
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుందట.
వాళ్లమ్మ పోయి పద్నాలుగేళ్లు.
తోడు మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగలేదు.

ఇప్పుడు రెండుసార్లే. కొన్నాళ్లు మూడు.
గోరుచిక్కుడు, జొన్నన్నం, అరటిదూట, పెసలు.
దూట తరిగితే వేళ్లు నల్లబడి
ల్యాబులో గ్లౌజులు తొడుక్కునేదాకా సిగ్గు.
కారమా? తింటాను.
కొంచెం. యార్డు గాలికి మొహం చాటేసి
ఈ ఊళ్లో ఎన్నాళ్లుంటాం.

నిన్న రాత్రి పాలలో వేలు ముంచి చూశాను,
గోరువెచ్చన.
చుక్క వేసి, మూత పెట్టి, గూట్లోకి నెట్టి
మా వాడితో అన్నాను:
గిన్నె కదపకురా,
జనం దిగుతున్నారు.