కొరుక్కుపేట

పేట పేరు చెప్తే గూడూరులో మావాళ్లు నవ్వుతారు.
"కొరుక్కుపేటా? ఏం కొరుకుద్దే అక్కడ?"
అరవంలో దానికి వేరే అర్థం ఉందేమో, నేనడగలేదు.
సాయంత్రం ఆరింటికి గుమ్మంలో నిలబడితే
అర్థం తనంతట తానే వచ్చి
మోకాలి కింద వాలుతుంది.

పగలు నా పని నీళ్లలోకి తొంగిచూడటం.
కార్పొరేషన్ టార్చి, చిన్న గరిటె, ఒక సీసా.
కీల్పాక్ వైపు రోజుకి నలభై ఇళ్లు.
ఫ్రిజ్జు వెనక తట్ట, మనీప్లాంటు సీసా,
ఎవరో పిల్లాడి బొమ్మ లారీ తొట్టిలో
పోయిన వానకి నిలిచిన రెండు చెంచాల నీళ్లు.
తలకిందులుగా వేలాడే వెంట్రుక ముక్కలు
టార్చి పడగానే మెలికలు తిరిగి అడుక్కి పోతాయి,
అప్పులవాడి గొంతు విన్నట్టు.
"మా ఇంట్లోవి కావు" అంటుంది ఆ ఇంటామె,
పక్కింటి నుంచి ఈదుకుంటూ వచ్చినట్టు.
నేనేమీ అనను. కార్డు మీద తేదీ వేసి
"ఇరుక్కు" అని రాస్తాను.
వాళ్ల భాషలో, ఉంది అని.
నా చెవికి మాత్రం
ఎవరో ఎక్కడో చిక్కుకుపోయినట్టే.

పగటి దోమ వేరు, రాత్రి దోమ వేరు.
పగటిది చారల చీర కట్టుకుని
మంచినీళ్లలో కాపురం పెడుతుంది.
రాత్రిది మా కాలవ పిల్ల.
చీకటి పడ్డాక గూడ్సు బండిలా వస్తుంది,
పెట్టె వెనక పెట్టె.

ఆరుకి ముందే కిటికీ మూస్తాను.
మూకుట్లో నిప్పులు, ఎండు వేపాకు, వావిలాకు.
ఇక్కడ నొచ్చి అంటారు దాన్ని,
మా అమ్మ నా బాలింత స్నానానికి కాచిన ఆకే.
ఆ పొగకి దోమలకంటే ముందు మేం బయటపడతాం,
అక్కడ అవి మాకోసం కాచుకుని ఉంటాయి.

దోమతెర ఒక్కటే, అది కెజియాకి.
పదో తరగతి పరీక్షలు.
అంచులు చాప కింద దోపి, లోపల
చిమ్నీలో వత్తిలా కూర్చుంటుంది.
"మా, కుట్టేది ఆడదేనంట. గుడ్ల కోసమంట రక్తం."
"మరి మగది?"
"పూలల్లో తేనె తాగుద్దంట."
అవతల ఏసుపాదం గురక ఆపి,
మళ్లీ మొదలెట్టాడు.

నాకు ఆయన ఫుల్‌చేతుల చొక్కా,
పాదాలకి పిల్ల పాత సాక్సులు.
ఫ్యాను కాళ్లవైపు తిప్పుకుంటే
మొహమొక్కటే మిగులుతుంది.
చీమ కుట్టినట్టయినా లేదంటారు మనవాళ్లు.
దోమ మీద అట్లాంటి మాట ఎవరూ కట్టలేదు.
అది చెవి దగ్గరికొచ్చి సన్నగా అడుగుతుంది,
ఏదో మర్చిపోయావు కదా, అని.

మంగళవారం కరెంటు పోయింది.
చెంప మీద ఒకటి, మణికట్టు మీద ఒకటి,
నా దెబ్బలన్నీ నాకే తగిలాయి.
మంచినీళ్లకని లేస్తే చేతికి పని టార్చి దొరికింది.
వసారాలో నీలం డ్రమ్ము. మూత పగిలి నెల.
పైన చెక్క, పక్కన నాలుగు వేళ్ల సందు.
అలవాటుగా టార్చి వేశాను.

అలవాటుగా అవి అడుక్కి పోయాయి.

చారలవి. పగటివి.
రాత్రంతా తెరలో దాచిన పిల్లని
పొద్దున్నే జడ వేసుకుంటుంటే కుట్టేవి.

పారబోయొచ్చు. రెండొందల లీటర్లు.
నీళ్ల లారీ మళ్లీ గురువారం.
పక్కింట్లో సెల్వి నిద్రలో ఎవరినో తిట్టి
తనని తాను చరుచుకుంది.
పాత నూలుచీర రెండు మడతలు వేసి
చెంబు చెంబుగా వడకట్టాను,
ఇంట్లో ఉన్న బిందెలన్నీ, కుక్కరు కూడా.
గుడ్డ మీద మిగిలినవాటిని మెట్టు మీద ఆరబెట్టాను.
డ్రమ్ము లోపలి అంచు కొబ్బరిపీచుతో తోమాను,
గుడ్లు అక్కడే అంటుకుంటాయమ్మా అని
రోజూ నలభై ఇళ్లల్లో చెప్పేదాన్ని.
నీళ్లు మళ్లీ పోసి, ఆ చీరే మూతికి బిగించి కట్టాను.

తెల్లారి కెజియా చూసింది,
మా తలుపు మీద బొగ్గుతో తేదీ,
దాని కింద తెలుగక్షరాల్లో "ఇరుక్కు".
"ఇదే భాషమ్మా?" అంది.
మోచెయ్యి గోక్కుంటూ
టీ నీళ్లు పెట్టాను.